గుట్ట ముందు ఊపు

ఎవరైనా "ఊపు" అనే మాట వాడితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పాటకు ఊపుందనండి, ఎన్నికల ప్రచారం ఊపందుకుందనండి, నాకు మాత్రం మా ఆయన కుడికాలే గుర్తొస్తుంది. ఆ కాలు నన్ను పెట్టిన ఇబ్బంది ఇంతా అంతా కాదు.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు పెట్రోలు వాసన, డీజిల్ పొగ పడవు. చిన్నప్పటి నుంచీ అంతే. బస్సు ఎక్కి కూర్చుంటే చాలు, అది కదలకముందే నోట్లో నీళ్ళూరతాయి. పెళ్ళయిన కొత్తలో భద్రాచలం తీసుకెళ్తే, దారిలో బస్సు ఆగిన ప్రతిచోటా దిగి రోడ్డు పక్కన కూర్చున్నాను. రాములవారి ముందు చేతులు జోడించి నేను కోరుకున్నది ఒక్కటే, మళ్ళీ ఆ బస్సు ఎక్కించొద్దని. మోటారుసైకిల్ వెనక కూర్చున్నా పొగ ముక్కుకు తగలగానే అదే కథ. రైలు ఒక్కటి పడుతుంది. కానీ మా అక్క ఊరికి రైలు లేదు.

అక్క ఊరు ఇల్లందు నుంచి గుండాల వైపు పోయే అడవి దారిలో ఉంది. దూరం ఏమంత లేదు, ముప్పై కిలోమీటర్లు ఉంటుందేమో. మధ్యలో ఒక పెద్ద గుట్ట, ఊరికి దగ్గర్లో ఇంకో గుట్ట. అమ్మ పోయాక నాకు జడలేసి బడికి పంపింది అక్కే, పెళ్ళి చేసి పంపిందీ అక్కే. నేను బొగ్గుగని ఉద్యోగస్తుడి భార్యనై ఇల్లందులో క్వార్టర్‌లోకి వచ్చాను. ఆమె అక్కడే పత్తి చేలో ఉండిపోయింది. మొదట్లో నేను రాలేనంటే నవ్వేది. ఆమె కొడుకు పెళ్ళికి పోలేకపోయాను, మనవడికి పేరు పెట్టినప్పుడూ పోలేకపోయాను. ఆ తర్వాత నవ్వడం మానేసింది. ఒకరోజు ఫోన్లో, ఏ కోపమూ లేని గొంతుతో అనేసింది.

"నీకు పడనిది పెట్రోల్ వాసన కాదే. మా ఊరి వాసన."

ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆమె తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని. అక్క మనసులో నేనొక పొగరుబోతుననీ, వాంతులు ఒట్టి సాకనీ ఉందని తెలిశాక ఇక ఎలాగైనా ఆ ఊరికి పోయి, ఆ ఇంట్లో కూర్చుని, ఆమె చేతి ముద్ద తిని రావాలని పట్టు పట్టాను. నాకు అంతకంటే పెద్ద కోరికేమీ లేదు.

మా ఆయన చెడ్డవాడు కాదు. అది కూడా చెప్పాలి, లేకపోతే పాపం. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు, మట్టి మోసే డంపర్ లారీ నడిపేవాడు. నా బాధ చూసి, హైదరాబాద్‌లో ఒక డాక్టరు తన కరెంటు కారు అమ్ముతున్నాడని విని, పోయి కొనుక్కొచ్చాడు. అప్పట్లో ఆ కార్లు రోడ్డు మీద అరుదు. చిన్నది, రెండు తలుపులది, వెనక సీట్లో పిల్లలు తప్ప పెద్దవాళ్ళు పట్టరు. అంత దూరం నడిచి రాలేదు కాబట్టి లారీ ఎక్కి వచ్చింది. ఇంటి ముందు దించగానే కాలనీ అంతా చుట్టూ చేరి అడిగిన మొదటి ప్రశ్న, "లీటరుకెంతిస్తది?" మా ఆయన గర్వంగా, లీటరు సంగతే లేదని చెప్పుకున్నాడు. నేను లోపల కూర్చుని ఊపిరి గట్టిగా పీల్చి చూశాను. ఏ వాసనా లేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు ఆ డాక్టరుగారి భార్య ఫోన్ చేసింది. కారు ఎలా ఉందమ్మా అని అడిగి, జాగ్రత్తలు చెప్పింది. బ్యాటరీలు పాతబడ్డాయి, పూర్తిగా ఛార్జి చేసినా యాభై కిలోమీటర్లు దాటదు, అది కూడా నడిపే మనిషిని బట్టి ఉంటుంది అంది. గట్టిగా తొక్కితే సగానికే ఆగుతుంది. ముందు బండి కనపడగానే కాలు తీసేయాలి, బ్రేకు దాకా రానీయకూడదు. దిగుడులో న్యూట్రల్ చేయొద్దు, గేర్లోనే ఉంచి కాలు తీస్తే కారే కొంత కరెంటు వెనక్కి తెచ్చుకుంటుంది. "నిద్రపోయే పిల్లాడి ఉయ్యాల ఊపుతాం చూడండి, అలా నడపాలి" అంది చివర్న. నేను ప్రతి మాటా గుర్తు పెట్టుకుని సాయంత్రం ఆయనకు అప్పజెప్పాను.

ఆయన నవ్వాడు. పాతికేళ్ళుగా స్టీరింగ్ పట్టినోడికి నువ్వు చెప్తున్నవా అన్న నవ్వు అది.

డంపర్ నడిపేవాళ్ళ పద్ధతి ఒకటుంది. గని లోపలి నుంచి లోడుతో పైకి రావాలంటే ఏటవాలు దారి మొదలవకముందే కాలు అదిమిపెట్టి, ఊపు మీద ఎక్కించాలి. మధ్యలో తగ్గిందా, ఇక కదలదు. ఇక దిగుడు వస్తే డీజిల్ మిగల్చడానికి న్యూట్రల్ చేసి వదిలేయడం మా వైపు లారీలు, జీపులు నడిపే ప్రతివాడికీ ఉన్న అలవాటే. ఈ రెండూ మా ఆయన ఒంట్లో కలిసిపోయాయి. పైగా మా రోడ్ల మీద బొగ్గు లారీ వెనక పడితే దుమ్మంతా మన అద్దం మీదే, కాబట్టి లారీ కనపడితే దాటేయాలి. దాటకపోతే ఆయనకు పరువు తక్కువ. ఈ కారుకు ఆ మూడూ విషమే. నేను పక్కన కూర్చుని కరెంటు ఖర్చు చూపే మీటరు చూసేదాన్ని. ఆయన తొక్కగానే ముల్లు ఎర్ర గీత మీదికి ఉరికేది. ఒక్కసారి మాత్రం దిగుడులో న్యూట్రల్ చేయడం మర్చిపోయాడు. అప్పుడు ముల్లు సున్నా దాటి అటు పక్కకు తిరగడం నా కళ్ళతో చూశాను. చూడండి, కరెంటు వెనక్కి వస్తుంది అని చూపించబోయేసరికి, అయ్యో మర్చిపోయిన అని న్యూట్రల్ చేసేశాడు. తల ఎక్కడ బాదుకోవాలో తెలియలేదు.

మొదటిసారి అక్క ఊరికి బయల్దేరిన రోజు, ఆమె నాటుకోడి కోసి ఎదురుచూస్తోంది. ఊరు దాటకముందే రెండు లారీలను దాటేశాడు. పెద్ద గుట్ట కనపడగానే సీట్లో ముందుకు జరిగి కూర్చున్నాడు. మెల్లగ ఎక్కుద్దాం, ఇది డంపర్ కాదు అని బతిమాలాను.

"నీకు తెల్వదు, ఊపు మీద పోతెనే గుట్ట తెల్వకుంట ఎక్కుతది" అన్నాడు.

ఎక్కింది. పైకి చేరేసరికి ఛార్జి ముల్లు సగం కిందికి దిగింది. అవతల ఊళ్ళో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు, ఛార్జింగ్ దొరక్కపోతే ఇంటికి ఎలా పోతామని అక్కడి నుంచే వెనక్కి తిప్పాడు. అక్కకు ఫోన్ చేసి గుట్ట దాకా వచ్చి మళ్ళుతున్నామని చెప్పాను. కారు కొన్నా నీకు గుట్ట దాటబుద్ధి కాదా అని ఆమె ఫోన్ పెట్టేసింది. వర్షాకాలం పోయాక ఇంకోసారి బయల్దేరాం. అదే గుట్ట, అదే ఊపు, అదే వెనక్కి తిప్పడం. ఈసారి నేను ఫోన్ చేయలేదు, ఆమె కూడా చేయలేదు. కారు రాకముందే నయమనిపించింది, అప్పుడు కనీసం వాహనం లేదని చెప్పుకునేదాన్ని.

ఆ తర్వాత చలికాలంలో అక్క చేలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కోడలు ఫోన్ చేసి చెప్పింది. సిమెంటు కట్టు వేశారు, మంచం మీదే ఉంది, చెల్లెకు చెప్పకు, ఎట్లాగూ రాదు అని అక్క అందట. ఆ కోడలు పిల్ల అమాయకంగా ఆ మాట కూడా నాకు చెప్పేసింది. ఏడుస్తూనే కారుకు ఛార్జింగ్ ప్లగ్గు పెట్టాను. ఈసారి ఆగినా సరే, వెనక్కి తిప్పేది లేదని ఆయనతో తెగేసి చెప్పాను. మెల్లగా నడుపుతానని ఆయన నా నెత్తి మీద చేయి పెట్టి ఒట్టు వేశాడు.

పెద్ద గుట్ట దాకా నిజంగానే మెల్లగా నడిపాడు. దాన్ని కూడా నిదానంగా ఎక్కించాడు. నాకే ఆశ్చర్యం వేసింది. దిగుడులో మాత్రం చేయి దానంతటదే న్యూట్రల్ మీదికి పోయింది, కారు జారింది, మలుపులో గట్టిగా బ్రేకు వేశాడు. సరే పోనీ అనుకున్నాను. కింద ఒక కట్టెల లారీ మా ముందుకొచ్చింది. అంతే, ఒట్టు గిట్టు అన్నీ గాలికి పోయాయి. దాన్ని దాటేశాడు. దాటిన ఉత్సాహంలో రెండో గుట్ట ముందు మళ్ళీ ముందుకు జరిగి కూర్చున్నాడు. నేను ఆయన మోకాలి మీద గట్టిగా కొట్టాను. అప్పటికే కాలు నేలకంటింది. ముల్లు ఎర్ర గీత మీద కాసేపు నిలబడి, గుట్ట సగం ఎక్కేసరికి ఉన్నట్టుండి పడిపోయింది. కారు చప్పుడు లేకుండా ఆగిపోయింది.

"ఇంకొంచెం ఊపుంటే ఎక్కేది" అన్నాడు.

అంత కోపం నాకు జన్మలో రాలేదు. నోరు తెరిస్తే ఏమంటానో నాకే భయమేసి కారు దిగి నడవడం మొదలుపెట్టాను. చుట్టూ అడవి, ఎండ. కాసేపటికి వెనక నుంచి ఒక కిరాయి జీపు వచ్చి ఆగింది. మనుషులు వెనక వేలాడుతున్నారు. ముందు సీట్లో నాకు చోటిచ్చారు. కాళ్ళ దగ్గర డీజిల్ డబ్బా ఉంది. ఎక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. అయినా ఎక్కాను, గుట్ట దాటాలి కదా.

మిగిలిన దారి గురించి చెప్పడానికి ఏమీ లేదు, కొంగు ముక్కుకు అదిమిపెట్టి కళ్ళు మూసుకున్నాను. అక్క ఇంటి ముందు జీపు ఆగగానే దిగాను, నాలుగడుగులు వేశాను, వాకిట్లోనే కూలబడి కక్కుకున్నాను. అక్క అరుగు మీద మంచంలో ఉంది. కట్టు కట్టిన కాలును ఈడ్చుకుంటూ, గోడ పట్టుకుని ఎలా దిగిందో దిగి, నా నుదురు పట్టుకుంది. చిన్నప్పుడు పట్టుకున్నట్టే పట్టుకుంది. కోడలు తెచ్చిన నీళ్ళు నా ముఖం మీద చల్లింది.

"నిజంగనే పడదానే నీకు" అంది.

సంతోషించాల్సిన మాటే. నేను ఎన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట. కానీ నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళు నోటితో చెప్తే నమ్మలేదు, ఇప్పుడు ఇది చూస్తే నమ్మకం కుదిరిందా అని అక్కడే ఆమె మీద విరుచుకుపడ్డాను. ఆమె చారన్నం కలిపి ముద్ద పెట్టింది. తిన్నాను.

సాయంత్రానికి మా ఆయన కారుకు ట్రాక్టరుతో తాడు కట్టించుకుని వచ్చాడు. నీళ్ళ మోటారు ప్లగ్గుకు కారు తగిలించారు. కరెంటు వస్తూ పోతూ ఉంది కాబట్టి అది నిండేదాకా మేం ఉండక తప్పలేదు. రెండు రోజులున్నాం. ఆ రెండు రోజులు మాత్రం బాగున్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు అక్కను కూడా తీసుకొచ్చాం, ఇల్లందు దవాఖానాలో కాలు చూపించడానికి. ఆమె ముందు సీట్లో కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చుంది. నేను వెనక, పిల్లలు కూర్చునే చోట మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఇరుక్కున్నాను. కారు కదలగానే అక్క మా ఆయన వైపు తిరిగింది.

"మరిదీ, కుదుపొస్తే నా పాణం పోతది. జర మెల్లగ పోనియ్యి."

పోనిచ్చాడు. నేను కళ్ళు నులుముకుని చూశాను. గుట్ట ముందు ముందుకు జరగలేదు. లారీ కనపడితే దాని వెనకే దుమ్ములో నిమ్మళంగా పోయాడు. దిగుడులో చేయి న్యూట్రల్ మీదికి పోబోయింది, కారు జారుతుందేమోనని అక్క భయపడి గట్ల ఇడిసిపెట్టకు అంది, చేయి వెనక్కి వచ్చింది. నేను వెనక నుంచి మెడ చాచి మీటరు చూస్తూనే ఉన్నాను. ముల్లు అటు పక్కకు తిరిగి, దిగుడంతా అక్కడే ఉంది.

ఒక మనిషి ఎక్కువైనా, కట్టు బరువు కూడా తోడైనా, ఇంటికి చేరేసరికి ఛార్జి ఇంకా చాలానే మిగిలింది. మా ఆయన దిగి మీటరు చూసి, మళ్ళీ వంగి చూసి, అక్క వైపు తిరిగాడు. ముఖం వెలిగిపోతోంది.

"చూసినవా వదినా, మెల్లగ నడిపితె ఎంత మిగుల్తదో. నువ్వు మంచి మాట చెప్పినవ్."

నేను వెనక సీట్లోనే ఉండిపోయాను. ముందు సీటు వంచితే గానీ నేను దిగలేను, ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. అక్క వెనక్కి తిరిగి నా ముఖం చూసింది.

"ఏందే, గట్లున్నవ్? కడుపుల తిప్పుతుందా?"

"అవ్" అన్నాను. "వాసన పడ్తలేదు."

ఈసారి వెంటనే నమ్మింది. జల్దీ నిమ్మకాయ తెమ్మని మా ఆయనను లోపలికి ఉరికించింది.