ఆ తాడుకు అంటిన వెంట్రుకలు

మొన్న బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో, గుర్రమెక్కిన పెళ్లికొడుకు ఊరేగింపు అడ్డొచ్చి మా కారు ఆగిపోయింది. అద్దం దించగానే గుర్రపు చెమట వాసన లోపలికొచ్చింది. ఉప్పగా, తడిసిన తోలు కలిసిన వాసన. ఇంకొకరైతే ముక్కు మూసుకునేవారేమో, నేను మాత్రం తల దించుకున్నాను. ఓబులప్ప గుర్తొచ్చాడు.

తొంభైలలో, పశువైద్యం పట్టా చేతికొచ్చిన కొత్తలో, బెంగళూరు శివార్లలోని పందెపు గుర్రాల లాయంలో నాకు ఉద్యోగం దొరికింది. అక్కడ గుర్రాలను మేపి, కడిగి, కాపుకాసే సైసులందరికీ పెద్ద ఓబులప్ప. అనంతపురం వైపు నుంచి వచ్చి ఆ లాయంలోనే తల నెరిసిన మనిషి. మొదటి రోజు నేను సూది పట్టుకుని నేరుగా గుర్రం మీదికి పోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు తల్లీ. ముందు చెయ్యి తిరగేసి దాని మెడమీద పెట్టు. నువ్వు వచ్చిండావని దానికి తెలియనీ." కాలేజీలో ఎవరూ నాకీ మాట చెప్పలేదు. నాకు వచ్చిన పనిలో సగం ఆయన పెట్టిన భిక్షే.

అక్కడ చంద్రిక అనే ఎర్ర ఆడగుర్రం ఉండేది. పందెంలో ముందుకాలి నరం తెగి, ఇక కుంటుతూ బతకాల్సిందేనని తేలింది. వారంలో దాన్ని లాయం నుంచి పంపేయమన్నాడు యజమాని. ఓబులప్ప నా దగ్గరికొచ్చి, "సూదేసి నిద్రపుచ్చు డాక్టరమ్మా. నా చేతుల్లోనే పోతాది. బయటికి పంపితే దాని గతేమవుతాదో నాకు తెలుసు," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "నేను చదివింది చంపడానికా?" అన్నాను. నాలుగు రోజులు తిరిగి, ఆనేకల్ దగ్గర మామిడితోట ఉందన్న ఒకతన్ని పట్టుకొచ్చాను. ఊరికే ఇస్తే చచ్చేదాకా మేపుతానన్నాడు.

గుర్రం లాయం వదిలేటప్పుడు దాని తలకున్న తోలుపట్టీ విప్పి మేమే ఉంచేసుకోవడం అక్కడి ఆచారం. తీసుకుపోయేవాడు తన తాడు తెచ్చుకోవాలి. అతను నైలాన్ తాడు తెచ్చాడు. ఓబులప్ప ఆ తాడు ముడులను వేళ్లతో తడిమి నన్ను పక్కకు పిలిచాడు. "చూడు తల్లీ, తెల్ల వెంట్రుకలు, నల్లవి, ఎర్రవి. తోట పెట్టుకున్నోనికి ఇన్ని గుర్రాలు యాడివి? వద్దు, పంపొద్దు."

నేను అందరి ముందూ అరిచాను. "డాక్టరు నువ్వా, నేనా? నీకు చాకిరీ తగ్గాలి, అందుకే చంపమంటున్నావు!" ఛీ, ఎంత మాట! పొద్దున్నే నోట్లో నీళ్లు పోసుకోకముందే దాని కాలికి కాపడం పెట్టే మనిషిని పట్టుకుని అన్నాను. ఆయన వెళ్లి చంద్రిక పట్టీ విప్పాడు.

ఆ ఆదివారం ఆయన ఒక్కడే బస్సెక్కి ఆనేకల్ వెళ్లొచ్చాడు. "తోటా లేదు, ఏమీ లేదు తల్లీ. షెడ్డు ఉండాది. మాంసానికి కోతకు పోయేవాటిని కట్టేసే షెడ్డు. దానికి నీళ్లు కూడా పెట్టలేదంట. నేను పోయేసరికే లారీ ఎక్కించేసినారు." నన్ను ఒక్క మాట అనలేదు. ఎవరికీ చెప్పొద్దని బతిమాలింది నేనే.

రెండువేల సంవత్సరం దాటాక ఒక సభ జరిగింది, లాయాల సైసులూ వచ్చారు. పనికిరాని గుర్రాలను ఏం చేయాలన్నది చర్చ. దొంగచాటు కోత ఎలాగూ ఆగడం లేదు, చట్టం ఒప్పుకుని పర్యవేక్షణ పెడితే బాధైనా తగ్గుతుందని ఒకాయన అన్నాడు. జనం ఆయన మీదికి లేచారు. ఆ ఊపులో నేనూ మైకు అందుకున్నాను. "మేము చంద్రికను చంపలేదు, మామిడితోటకు పంపాం," అన్నాను. చప్పట్లే చప్పట్లు. వెనక వరుసలో ఓబులప్ప నేల చూస్తూ కూర్చున్నాడు.

బయట నా కోసం ఆగాడు. "మామిడి బాగా కాసిందా డాక్టరమ్మా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అన్నేళ్లూ తను దాచుకున్న చంద్రిక తోలుపట్టీ సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టి బస్టాపు వైపు నడిచాడు. తప్పయిందని వెనక నుంచి కేకేసినా వినేవాడు. కేకెయ్యలేదు. మరుసటేడాదే ఆయన పోయాడు.

ఆ పట్టీ ఇప్పుడు నా క్లినిక్ తలుపు వెనక వేలాడుతోంది. ఎవరైనా ముసలి గుర్రాన్ని తెచ్చి, "మంచి తోట ఏదైనా చూడండి మేడం," అంటే, వాళ్లను కూర్చోబెట్టి చంద్రిక కథ చెబుతాను. షెడ్డుతో, లారీతో, నేనన్న మాటలతో సహా చెబుతాను. తప్పు నాదేనన్న మాట, వినాల్సిన ఓబులప్ప ముందు మాత్రం చెప్పలేకపోయాను.