టోటల్ చూడని ఫోర్‌మన్ సాబ్

నాచారం పారిశ్రామికవాడలో డబ్బాల మూతలకు ఉక్కు అచ్చులు చేసే ఒక టూల్‌రూమ్‌లో నేను కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసేదాన్ని. ఉప్పల్‌లో స్టేడియం ఇంకా కొత్తగా ఉన్న రోజులవి. కోస్తా నుంచి వచ్చిన పిల్లనని షెడ్డులో అందరూ నా మాటను కాస్త ఆటపట్టించేవాళ్లు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది, దానివల్ల వాళ్లకు ఇంకా సరదా.

ఆటపట్టించనిది ఒక్క ఫోర్‌మన్ సాబ్. యాభై దాటిన మనిషి, నల్గొండ వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇనుముతోనే బతుకుతున్నాడు. కొత్త ఫిట్టర్ ఎవరు పనికొచ్చినా సర్టిఫికెట్లు తెరవనిచ్చేవాడు కాదు. చేతికి ఒక ఇనుప దిమ్మ, ఆకురాయి ఇచ్చి నలుచదరంగా అరగదీసి తెమ్మనేవాడు. తెచ్చాక మూలమట్టం ఆనించి కిటికీ వెలుగుకు పట్టి చూసేవాడు. సందులో సన్నటి గీతంత వెలుతురు కనిపించినా దిమ్మ వెనక్కి వెళ్లేది. దాన్ని ట్రేడ్ టెస్ట్ అంటారు. యజమాని చుట్టాలబ్బాయి వచ్చినా అదే దిమ్మ, అదే ఆకురాయి.

మా గొడవ కంప్యూటర్‌తో. అచ్చు బొమ్మ నేను గీశాక, దాన్ని చెక్కే కట్టర్ ఎటు నుంచి ఎటు పోవాలో ఆ కంప్యూటరే లెక్కకట్టి దారి గీయాలి. మా పాత డబ్బా కంప్యూటర్ ఒక్కో అచ్చుకు గంటకు పైగా తీసుకునేది. అంతసేపూ మిల్లింగ్ మిషన్ ఊరికే నిలబడేది, దాని పక్కన ఫోర్‌మన్ సాబ్ చేతులు కట్టుకుని నిలబడేవాడు.

చివరికి యజమాని నన్ను పిలిచాడు. "కొత్త సిస్టమ్ ఏది కొనాలో నువ్వే తేల్చమ్మా. సరిగ్గా తేలిస్తే డ్రాయింగ్ సెక్షన్ నీకే అప్పజెబుతా. లేదంటే బయటి నుంచి ఎవరినైనా తెచ్చుకోవాలి" అన్నాడు. నాలుగేళ్లుగా నేను ఎదురుచూస్తున్న మాట అది. ఆ వారమంతా నాకు సరిగ్గా నిద్రపట్టలేదు.

కంప్యూటర్ పత్రికలు తెచ్చుకుని చదివాను. ప్రాసెసర్లకు పరీక్షలు పెట్టి మార్కులు వేస్తారని, వాటిని బెంచ్‌మార్క్ స్కోర్లంటారని అప్పుడే తెలిసింది. మార్కులంటే మనకు చెప్పాలా! పదో తరగతి నుంచి ఎంసెట్ దాకా మార్కుల మీదే పెరిగినవాళ్లం. ఉప్పల్ చౌరస్తా దగ్గర సెల్లార్‌లో కంప్యూటర్లు బిగించి అమ్మే దుకాణానికి వెళ్లి రెండింటికి పరీక్ష పెట్టించాను. నాలుగు కోర్ల ప్రాసెసర్‌కు, అంటే లోపల లెక్కకట్టే భాగాలు నాలుగున్నదానికి, మూడు వేల పైచిలుకు వచ్చింది. రెండు కోర్లదానికి రెండు వేల చిల్లర. ఇంకేం ఆలోచించాలి? నాలుగు కోర్లదే కొనాలని కాగితం టైపు చేసి, స్కోరు కింద రెండు గీతలు కూడా కొట్టాను.

ఆ కాగితం యజమానికి ఇచ్చే ముందు ఫోర్‌మన్ సాబ్ చూశాడు.

"ఈ మార్కులు ఏ పరీక్షల వచ్చినయి బిడ్డా?"

"అన్నీ కలిపి వచ్చినవండీ. టోటల్."

"అన్నీ అంటే ఏందేంది?"

ఫొటోలు మార్చడం, సినిమా ఫైళ్లు కుదించడం, పెద్ద ఫైళ్లను మూటకట్టడం అని చెప్పుకుంటూ పోయాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మనమేమన్న సినిమాలు తీస్తున్నమా?" అన్నాడు. "టోటల్‌కేంది, మస్తుగుంది. మన పని దానికిచ్చి సూసినవా?"

ఒళ్లు మండింది. మౌస్ పట్టుకోవడం కూడా రాని మనిషి నాకు చెప్పడమేమిటనుకున్నాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువని ఊరికే అనలేదు. "మీ ఇష్టం, పదండి, మీరే పరీక్ష పెట్టండి" అన్నాను విసురుగా. ఆయన దాన్ని విసురుగా తీసుకోలేదు. "గదే అంటున్న" అని లేచాడు.

దారి గీసే సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంప్యూటర్‌కు డాంగిల్ అనే వేలెడంత తాళం ఒకటి గుచ్చాలి. అది పోతే సాఫ్ట్‌వేర్ పోయినట్టే, అందుకే యజమాని సొరుగులో దాచేవాడు. ఫోర్‌మన్ సాబ్ తన పూచీ మీద అడిగి తీసుకుని, రుమాలులో ముడివేసి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఉప్పల్ దాకా ఆటోలో ఆ జేబు మీద నుంచి చెయ్యి తీయలేదు.

దుకాణంలో రెండు కంప్యూటర్లనూ పక్కపక్కన పెట్టించాం. నెలకిందట మమ్మల్ని బాగా ఏడిపించిన మూత అచ్చు ఫైలే పరీక్ష. ముందు నా నాలుగు కోర్లది. ఫోర్‌మన్ సాబ్ చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. లెక్క నడుస్తుండగా ప్రాసెసర్ ఎంత పనిచేస్తోందో చూపించే కిటికీ తెరిచాను. అంకె ఇరవై అయిదు శాతం దగ్గరే ఆగిపోయింది.

"ఇదేంది, నూటికి ఇరవై అయిదేనా? బరువు మోస్తలేదా?"

నాకూ అర్థం కాలేదు. ఇరవై రెండు నిమిషాలకు దారి పూర్తయింది. తరవాత అదే తాళం, అదే ఫైలు రెండు కోర్లదానికి. పదిహేడు నిమిషాలు.

నేను తెల్లమొహం వేశాను. దుకాణం అతనూ వేశాడు. ఫోర్‌మన్ సాబ్ మాత్రం గడియారం పెట్టుకుంటూ ఆలోచించాడు.

"మన షెడ్డుల నాలుగు లేతు మిషన్లున్నయి. తిప్పి చెక్కనీకి ఒక్క షాఫ్టు ఇస్తే నాలుగిట్ల ఎన్నిటి మీద ఎక్కుతది?"

"ఒక్కదాని మీదే."

"మిగిలిన మూడు సూస్తనే ఉంటయి గదా. అప్పుడు లేతులెన్నని గాదు, ఆ ఒక్కటి ఎంత జల్ది తిరుగుతదని సూడాలె. నీ టోటల్ల నాలుగిటినీ కలిపిన్రు."

నాలుగు పత్రికలు చదివి నేను పట్టుకోలేనిది ఆయన ఒక్క షాఫ్టుతో విప్పేశాడు. మా సాఫ్ట్‌వేర్ ఒక్క కోరు మీదే పనిచేసే రకం; నాలుగింట ఒకటి, అందుకే ఆ ఇరవై అయిదు శాతం. అప్పుడు స్కోరు కాగితం మళ్లీ తీశాను. టోటల్ కింద చిన్న అక్షరాల్లో ఒక్క కోరు స్కోరు విడిగా ఉంది. అందులో రెండు కోర్లదే ముందుంది. నేను ఆ వరుస దాకా చదవనే లేదు. సిగ్గుతో పాటు ఆ మనిషి మీద చెప్పలేనంత గౌరవం కలిగింది.

నా పాత కాగితం చించేశాడాయన. కొత్తది ఇచ్చే రోజున యజమాని గదిలో "బిడ్డ ట్రేడ్ టెస్ట్ పెట్టి మరీ తేల్చింది సార్" అన్నాడు. కాదు, పెట్టించింది ఈయనే అని నేను చెప్పేలోగా మిషన్ దగ్గరికి వెళ్లిపోయాడు. అయినా చెప్పాను. యజమాని నవ్వి, సెక్షన్ నాకే ఇచ్చాడు.

ఇన్‌ఛార్జి హోదాలో నాకు వచ్చిన మొదటి పని, నాణ్యత సర్టిఫికెట్ కోసం ఆడిట్‌కు వచ్చేవాళ్లకు సిబ్బంది జాబితా తయారుచేయడం. పేరు, చదువు, హోదా. హాజరు పుస్తకంలో ఫోర్‌మన్ సాబ్ పేరుకు ఎదురుగా ఫిట్టర్ అని ఉంది. పొరపాటేమోనని అడిగితే, మర్నాడు పదో తరగతి మెమో తెచ్చి నా ముందు పెట్టాడు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. లెక్కల్లో తొంభై ఆరు. ఇంగ్లీషులో ఇరవై ఎనిమిది. అట్టడుగున ఫెయిల్ అని ఒక్క మాట.

"పాసైతెనే ఫోర్‌మన్ రాస్తరంట. మళ్ల రాయనీకి వీలు గాలే" అన్నాడు.

లెక్కల మార్కు ఎక్కడైనా రాద్దామని చూశాను. ఫారంలో చదువుకు ఉన్నది ఒక్కటే గడి. నేను కీబోర్డు మీద వేళ్లు పెట్టి కూర్చుండిపోతే ఆయనే అన్నాడు, "రాయి బిడ్డా. ఉన్నదే గదా."

రాశాను. పదో తరగతి ఫెయిల్, ఫిట్టర్.

తెలంగాణ వచ్చిన ఏడాది, షెడ్డులో మిఠాయిలు పంచిన కొన్నాళ్లకు ఆయన రిటైరయ్యాడు. రిటైర్మెంట్ కాగితం మీదా ఫిట్టర్ అనే ఉంది, టైపు చేసింది కూడా నేనే. నాకు టోటల్ చూడొద్దని నేర్పిన మనిషిని నేను టోటల్ చూసే పంపించాను. ఆ ఆడిట్ ఫారం పట్టుకుని ఒక్కసారైనా యజమాని గదిలోకి వెళ్లి, ఈయనకు ట్రేడ్ టెస్ట్ పెట్టి రాయండి అని అనలేకపోయాను. అంత కోపిష్టిదాన్ని, కోపం రావాల్సిన ఆ రోజున మాత్రం నోరు మెదపలేదు.