గోలుకొక మిస్డ్ కాల్

మా కర్నూలులో మాకు ఫుట్‌బాల్ అంటే ఆట సగం, కొట్లాట సగం. ఓడితే కడపోళ్లను బస్టాండు దాకా తరిమేవాళ్లం. గెలిస్తే వాళ్లు ఊరుకోరు గనక అప్పుడూ తరిమేవాళ్లం. జేబుల్లో కంకర నింపుకుని పోయేవాళ్లలో నేనే ముందు. బట్టలుతికేటప్పుడు రాళ్లు రాలుతుంటే మా అమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేది. నాకు సిగ్గుండేది కాదు.

ఒక ఏడు నేను విసిరిన రాయి కడప జట్టు కోసం ఈలలేసే పొడుగాటాయనకు కనుబొమ్మ మీద తగిలింది. చొక్కా నిండా నెత్తురు. ఆ తొక్కిసలాటలో ఎవరేశారో నాకు తప్ప ఎవరికీ తెలీదనుకున్నాను. ఆ రోజుతో రాళ్లు మానేశాను గానీ, ఒప్పుకునే ధైర్యం మాత్రం రాలేదు.

రెండేళ్లకు అందరికీ సెల్‌ఫోన్లొచ్చాయి. అంతే, కొట్లాటలు చప్పబడ్డాయి. జేబులో కొత్త ఫోనున్నవాడు తోపులాటకెందుకు దిగుతాడు? ఆ ఏడే ఆ పొడుగాటాయన కనుబొమ్మ మీద మచ్చతో నా దగ్గరకొచ్చి నంబరడిగాడు. కాదనలేక ఇచ్చేశాను. అప్పటినుంచి మా రౌడీతనం మారింది. ఏ ఊళ్లో ఆట జరిగినా, మావాళ్లు గోలు కొడితే ఆయనకు నా మిస్డ్ కాల్, వాళ్లు కొడితే నాకు ఆయనది. కోడుమూరులో పెళ్లి భోజనానికి కూర్చున్నప్పుడు వరసగా నాలుగొచ్చాయి. నవ్వు పట్టలేక పప్పన్నం పొలమారింది. ఆ మనిషంటే నాకు శానా ఇష్టమైపోయింది. అందుకే ఆ మచ్చ చూసినప్పుడల్లా, సంగతి తెలిస్తే నాతో మాట్లాడడేమోనని భయపడేవాణ్ణి.

ఒకసారి ఫైనల్లో మేం మూడు గోల్స్‌తో గెలిచాం. ఆట కాగానే ఆయన నవ్వుతూ వచ్చి నన్ను టీకి లాక్కుపోయాడు. ఇక దాచలేకపోయాను.

"అన్నా, ఆ మచ్చ నా పనే."

ఆయన తాపీగా టీ ఊదుకున్నాడు. "తెలుసప్పా. ఆ పొద్దు అందరూ ఉరుకుతాంటే నువ్వొక్కడివే నిలబడి ఏడుస్తాంటివి. ఎవరేసినారో ఇంకొకరు చెప్పాల్నా?"

మరి ఆ రోజు నంబరెందుకు తీసుకున్నావని అడిగాను. నన్ను ఊరికే వదిలేస్తే ఎట్లా, బతికున్నన్నాళ్లూ ఏడిపించొద్దా అన్నాడు. అంటూనే జేబులోంచి ఫోను తీసి, నా ఎదురుగానే నాకొక మిస్డ్ కాల్ ఇచ్చాడు. వాళ్లు గోలే కొట్టలేదే, ఇదెందుకని ఆయన ఫోనులోకి తొంగి చూశాను.

నంబరిచ్చిన నాటినుంచీ నా పేరు ఆయన ఫోనులో "రాయి" అనే ఉంది.