ఏరు వెళ్లిపోయిన రేవు

ఆ ఊరు సముద్రానికీ ఏటికీ మధ్య ఇరుక్కున్న సన్నటి ఇసుక పట్టీ. ఒకటే వీధి. వీధికి ఒక చివర ఏటి రేవు, రెండో చివర పట్నానికి పోయే తారురోడ్డు. ఏరు ఊరి వెనకాలే పారుతూ వచ్చి రేవు దాటాక సముద్రంలో కలిసేది. అక్కడ అలాంటి ఊరొకటి ఉందని బయటివాళ్లకి తెలియదు. తెలిసిందల్లా చేపల లారీ డ్రైవర్లకే, వాళ్లకీ వాసనతోనే గుర్తు.

రేవులో పడవ నడిపేవాణ్ణి అందరూ సరంగు అనేవారు. సరంగంటే ఓడని నడిపే పెద్దమనిషి. ఇతనిదేమో పదిమంది ఎక్కితే పదకొండోవాడు ఆలోచించుకోవలసిన పడవ. వెటకారానికి పెట్టిన పేరే గాని, వాడి వాడి అందులో వెటకారం అరిగిపోయి పేరొక్కటే మిగిలింది. కోపమొస్తే భార్య కూడా "ఏమయ్యా సరంగూ" అనే పిలిచేది.

తండ్రి చేతినుంచి గెడ అందుకున్నప్పటి నుంచీ అతను చేసింది ఒకటే పని. జనాన్ని ఇవతలి ఒడ్డునుంచి అవతలికి, అవతలినుంచి ఇవతలికి దాటించడం. అవతల సంత ఉంది, కూతురి అత్తవారిల్లు ఉంది. అవతలివాళ్లకి సరైన బండిదారి లేదు కాబట్టి పట్నం పోవాలంటే వాళ్లూ ఇతని పడవే ఎక్కాలి. ఏ చోట గెడ వేస్తే ఎంత లోతు దిగుతుందో అతని భుజానికి తెలుసు. నోటితో చెప్పమంటే మాత్రం నీళ్లు నమిలేవాడు.

ఆ ఏడు పెద్ద తుఫాను పట్టింది. ఊరంతా తలుపులు బిగించుకుని, కప్పు కారిన చోటల్లా గిన్నెలు పెట్టుకుని, ఇళ్లల్లో ముడుచుకుంది. గాలి తగ్గిన పొద్దున సరంగు గెడ భుజాన వేసుకుని రేవుకి వెళ్లాడు. రేవు ఉంది. పడవ ఉంది. ఏరు లేదు.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. నీళ్లుండాల్సిన చోట తడి ఇసుక, అక్కడక్కడా మడుగులు. మడుగుల్లో చేపలు కొట్టుకుంటుంటే కొంగలు తాపీగా ఏరుకు తింటున్నాయి. పడవ ఒక పక్కకి ఒరిగి, నిద్రలో దొర్లిన మనిషిలా పడుంది. అవతలి ఒడ్డునుంచి ఎవరో ఆడమనిషి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వస్తోంది. దగ్గరికొచ్చాక చూస్తే తన కూతురే.

"నాన్నా, ఏరేది?" అంది.

"నన్నడుగుతావేంటే? నేనూ ఇప్పుడే వచ్చాను!" అన్నాడు సరంగు, ఆ నేరం తన నెత్తిన పడుతుందేమో అన్నట్టు.

అంతలో వీధి ఆ చివరినుంచి కేకలు. సముద్రం అక్కడ ఇసుకదిబ్బని కోసేసింది. ఏరు రేవుదాకా రానక్కర్లేకుండా మధ్యలోనే దారి దొరికించుకుని, తారురోడ్డుని తెంపుకుని సముద్రంలోకి దూకేసింది. ఊరికి దారి ఉన్న చోట నీళ్లొచ్చాయి, నీళ్లున్న చోట దారి వచ్చింది.

"పడవ ఆ చివరికి మార్చెయ్ సరంగూ," అన్నారు అందరూ.

"తొందరెందుకు? వచ్చేస్తుందిలే," అన్నాడతను.

"ఎవరు?"

"ఏరు."

నవ్విన వాళ్లు నవ్వారు. అతను మాత్రం రోజూ వెళ్లి, ఇసుకలో ఒరిగిన పడవ అంచు మీద కూర్చునేవాడు. జనం పక్కనుంచే నడిచి పోతూ "బాగున్నావా మావా" అని పలకరించేవారు. కూతురైతే ఇప్పుడు రోజు విడిచి రోజు వస్తోంది. అంతకుముందు పడవలో ఎక్కిందంటే అవతలి ఒడ్డు చేరేదాకా తండ్రీకూతుళ్లవే కబుర్లు. ఇప్పుడు గబగబా నడిచొచ్చి "నాన్నా, అమ్మ ఇంట్లో ఉందా?" అని అడిగి ఇంటికేసి పోతోంది. పిల్ల దగ్గరైందా, దూరమైందా? అతనికి అంతుబట్టలేదు. భార్యని అడిగితే, "ఎండలో కూర్చుని కూర్చుని నీ బుర్ర వేడెక్కింది," అంది.

తుఫానుకి పోయిన కరెంటు తిరిగి వచ్చిన రోజు ఐసు షెడ్డు తెరిచారు. ఐసుగడ్డలు పిండిచేసే మిషనులో షెడ్డు యజమాని చెయ్యి పడింది. ఊళ్లో అందరికీ ఆయన ఐసన్న. అరుపు విని సరంగు పరిగెత్తేసరికి ఐసన్న చేతికి తువ్వాలు చుట్టి ఉంది, తువ్వాలు ఎర్రగా తడిసిపోతోంది. ఆసుపత్రి పట్నంలో. పట్నం దారి తెగిపోయింది. సముద్రపు తెప్పలు, ఏరు సముద్రంలో కలిసే ఆ మొగలో అలలకి నిలవవు. అందరి చూపులూ సరంగు మీద పడ్డాయి.

"పడవ పట్టండి," అన్నాడతను.

పాతికమంది దాకా పోగై పడవని భుజాలకెత్తుకున్నారు. వీధి ఇరుకు. పడవ ముక్కు ఒకరి చూరుకి తగిలి పెంకులు రాలాయి, ఇంకొకరి దండెం తెగి చీర పడవకి చుట్టుకుంది. వంటింట్లో ఉన్న సరంగు భార్య కిటికీలోంచి చూస్తే, గోడ మీదుగా పడవ తనంతట తాను వెళ్లిపోతున్నట్టు కనిపించింది. గరిటె పట్టుకునే బయటికి పరిగెత్తుకొచ్చింది.

"ఎక్కడికయ్యా?"

"ఏటికి!" అన్నాడు సరంగు.

"ఏరు ఇటు కదా..." అని రేవు వైపు చూపించబోయి, ఆమె చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

కొత్త నీళ్లు మట్టిరంగులో సుళ్లు తిరుగుతున్నాయి. ఐసన్నని పడుకోబెట్టి, అతని తమ్ముణ్ణి తోడు కూర్చోబెట్టి సరంగు గెడ వేశాడు. అడుగు అందలేదు. గెడ తీసి తెడ్డు అందుకున్నాడు. పాత రేవులో నీళ్లు ఎడమనుంచి కుడికి పారేవి. ఇక్కడ కుడినుంచి ఎడమకి. బుర్ర ఒకటి చెబుతుంటే చేతులు ఇంకొకటి చేశాయి. పడవ గుండ్రంగా తిరిగింది, ఇంకోసారి తిరిగింది.

"సరంగూ," అన్నాడు ఐసన్న మూలుగుతూ, "మనం అటు పోతున్నామా, ఇటు వస్తున్నామా?"

"నాకూ అదే తెలియడం లేదన్నా."

ఆ మాట అన్నాక అతనికి భయం వేసింది. పుట్టి బుద్ధెరిగాక నీళ్ల మీద భయపడింది అదే మొదటిసారి. అంతలో పడవ అడుగు బరబరా రాసుకుని ఆగిపోయింది. చుట్టూ అంత లోతు, వీళ్లున్న చోట మోకాలిబంటి నీళ్ల కింద ఇసుక మేట.

మేట మీద నడుం వంచి ఆలిచిప్పలు ఏరుకుంటోంది ఒక ముసలమ్మ. చిప్పలత్త అంటారు. సరంగు భార్యకి మేనత్త వరస. పాత ఏట్లో నీళ్లు తగ్గినప్పుడు నడిచే దాటేది గాని, సరంగు పడవలో ఒక్కనాడూ కాలు పెట్టలేదు. అందుకని ఇద్దరికీ మాటల్లేవు.

"ఏం అల్లుడూ, ఊరేగుతున్నావా?" అంది తలెత్తి.

"ఐసన్న చెయ్యి పోయేట్టుంది అత్తా. దారి తెలియడం లేదు."

చిప్పలత్త మరి నవ్వలేదు. బుట్ట నెత్తికెత్తుకుంది. "నాకూ అంతా తెలియదు. నిన్న ఇటు దాటాను, ఇవాళ ఉందో లేదో. నా వెనకే రా," అని మేట వెంట నడిచింది. సరంగూ ఐసన్న తమ్ముడూ నీళ్లలోకి దిగి, పడవని తోస్తూ ఆమె వెనకాల నడిచారు. ఒకచోట ఆమె మెడదాకా మునిగి వెనక్కి అడుగు వేసింది. "ఇటు కాదు, ఇటు కాదు," అని గొణుక్కుంటూ కాళ్లతో తడుముకుంది. చివరికి నేల దొరికింది. అవతల తెగిన రోడ్డు అంచున చేపల లారీ ఒకటి ఊళ్లోకి రాలేక నిలబడి ఉంది. ఐసన్నని అందులో ఎక్కించారు.

"తిరిగి వెళ్లేటప్పుడైనా పడవెక్కు అత్తా," అన్నాడు సరంగు.

"నువ్వు గిరగిరా తిరగడం చూశాక కూడానా?" అని ఆమె మళ్లీ నీళ్లలోకి దిగింది.

ఐసన్నకి రెండు వేళ్లు పోయాయి, చెయ్యి దక్కింది. కట్టుతో తిరిగొచ్చి, ఆ ప్రయాణం గురించి షెడ్డుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆయన చెప్పగా చెప్పగా సరంగు వీరుడైపోయాడు. కాదు, దారి తప్పానని సరంగు మొత్తుకుంటే, వినయం అనుకున్నారు. తను చేసింది ఘనకార్యమో, పరువుతక్కువో అతనికే తేలలేదు.

ఇప్పుడు పడవ కొత్త ఒడ్డునే ఉంటుంది. ఏరు ఎప్పుడైనా వెనక్కి వస్తుందని అతను నమ్ముతాడు, ఒక్కోసారి నమ్మడు. మేటలు జరుగుతూనే ఉంటాయి. నిన్న గెడ అందిన చోట ఇవాళ అందదు. పడవ ఎక్కిన వాళ్లకి "కాస్త చూసుకుంటూ పోదాం" అని ముందే చెబుతాడు. అదివరకెన్నడూ అనని మాట అది. కూతురు ఒకరోజు పనేమీ లేకపోయినా వచ్చి పడవలో కూర్చుంది.

"ఎక్కడికే?" అన్నాడు.

"ఎక్కడికీ కాదు. అటెళ్లి ఇటొద్దాం."

సరంగు గెడ వేశాడు. ఏవో కబుర్లు మొదలయ్యాయి. మధ్యలో నీళ్లు ఎటు లాగుతున్నాయో చూడ్డానికి అతను మాట ఆపేవాడు. మళ్లీ మొదలుపెట్టేసరికి ఎక్కడ ఆపాడో గుర్తుండేది కాదు. కూతురు అందించేది.