లేని ఉద్యోగానికి స్తోత్రం

ఆదివారం పదకొండు గంటలయితే చాలు, నా మనసు ఆ వీధిలోకి పోతుంది. భద్రాచలం దాటాక అడవి మొదలయ్యే చోట చిన్న ఊరు. అక్కడ ప్రభుత్వ దవాఖానాలో మా అక్క నర్సుగా చేసేది. అమ్మానాన్న చిన్నప్పుడే పోతే నన్ను చదివించింది అక్కే కాబట్టి నాకు సొంతూరంటే అదే. రేకుల చర్చి, చాపలు, కిటికీలోంచి ఎండాకాలమంతా ఇప్పపువ్వు వాసన. ఎంత బాగుండేదో.

ఆ చర్చిలో ముందు వరసలో ఒక అవ్వ కూర్చునేది. మోదుగాకు విస్తర్లు కుట్టి అమ్ముకునే మనిషి, అక్షరం ముక్క రాదు. ఊళ్ళో ఎవరినీ మరిచిపోకుండా ఉండడానికి ఆమె కూర్చున్న చోటే కళ్ళు మూసుకుని ఇళ్ళ వరసలో ప్రార్థన చేసేది. బోరింగు పక్కింట్లో మొదలుపెట్టి కల్వర్టు దగ్గరి చివరి ఇంటిదాకా ఒక్క గడప కూడా వదిలేది కాదు. ఎవరి మోకాలి నొప్పి, ఎవరి పెనిమిటి తాగుడు, ఎవరి బర్రె తప్పిపోయింది, అన్నీ దేవుడితోపాటు మేమూ వినేవాళ్ళం. మా ఇల్లు ఏడోది. నా చదువయిపోయి హైదరాబాదులో ఉద్యోగం వచ్చినప్పుడు నేను అదే చర్చిలో లేచి, దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పుకునే సాక్ష్యం చెప్పాను. ఆ వారం నుంచి మా గడప దగ్గర అవ్వ నా కోసం దేవుణ్ణి అడగడం మానేసి, కంప్యూటర్ ఆఫీసులో కొలువిచ్చినందుకు స్తోత్రం చెప్పడం మొదలుపెట్టింది.

పదకొండేళ్ళు చెప్పింది. మూడేళ్ళ కింద ఒక పొద్దున పది నిమిషాల వీడియో కాల్‌లో నన్ను తీసేశారు. కాల్ పూర్తి కాకముందే ఆఫీసు లాప్‌టాప్ లాక్ అయిపోయింది. రెండు నెలలు గదిలో పడుకుని పైకప్పు చూసి, చివరికి కిరాయి గది ఖాళీ చేసి అక్క దగ్గరికి వచ్చేశాను. అక్క వీధిలో అందరికీ వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఇంకో కొలువు దొరికేదాకా నోరు మూసుకోమంది. సరేనని నా పాత లాప్‌టాప్ ముందేసుకుని, దారిన పోయేవాళ్ళకు కనబడేలా రోజూ కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొదటి ఆదివారమే తెలిసొచ్చింది నేనెంత ఇరుకులో పడ్డానో. అవ్వ ప్రార్థన బోరింగు దగ్గర బయలుదేరింది. ఒక్కో ఇల్లూ దాటుకుంటూ మా వైపే వస్తోంది. మా గడప దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే నా కొలువుకు స్తోత్రం చెప్పింది. నేను చున్నీలో ముఖం దాచుకున్నాను. నాకు ముక్కు మీద కోపం, బస్సు కండక్టరుతో సహా ఎవరితోనైనా పోట్లాడగలను. ఆ ఒక్క మాట మాత్రం నోటికి రాలేదు.

ఇంటర్వ్యూల్లోనూ అదే కథ. పని గురించి అడిగినంతసేపూ గడగడా చెప్పేదాన్ని. పాత ఉద్యోగం ఎందుకు మానేశారు అంటే దాటేసేదాన్ని. సొంత కారణాలు అనేదాన్ని, కొంచెం విరామం అనేదాన్ని, గొంతు వణికేది. మూడు చోట్ల అక్కడే పోయింది. నిజానికి నా భయం వేరే. నాకు పని రాదేమో, పదకొండేళ్ళకు ఆ సంగతి వాళ్ళు కనిపెట్టారేమో అనుకునేదాన్ని. తీసేశారని పైకి అంటే అది రుజువైపోతుందని భయపడేదాన్ని.

ఆ తర్వాత ఒక ఆదివారం అవ్వ మా గడప దగ్గర కొత్త మాట కలిపింది.

"ఈ బిడ్డను చూసే నా మనుమరాలిని కంప్యూటర్ చదువుల చేర్పించిన తండ్రీ. దీన్ని గూడ ఆమె లెక్కనే నిలబెట్టు."

మనుమరాలు పక్కనే కళ్ళు మూసుకుని ఉంది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్ల.

ప్రార్థన అయ్యాక పాస్టరుగారు సాక్ష్యాలు ఎవరైనా చెబుతారా అని అడిగారు. తప్పిపోయిన బర్రె దొరికిందని ఒకాయన చెప్పి కూర్చున్నాడు. నేను లేచాను. అక్క నా చున్నీ పట్టుకుని గుంజింది. విడిపించుకున్నాను.

"అందరికీ వందనాలు. నా ఉద్యోగం పోయింది. నేను మానలే, వాళ్ళే తీసేసిన్రు. నాలుగు నెలలయింది. రోజూ కిటికీ కాడ కూసునేదంత ఉత్తదే."

ఆ చర్చిలో సాక్ష్యం ఆగితే అందరూ అనే మాట ఒక్కటే. అలవాటు ఊరుకుంటుందా? ఆడా మగా అందరూ ఒక్క గొంతుతో "దేవునికి స్తోత్రం" అన్నారు.

అన్నాక తెలిసింది ఏమన్నారో. పాస్టరుగారు నాలుక కరుచుకున్నారు. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక నిలబడే నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. నన్ను చూసి చాపలన్నీ నవ్వాయి. అందరికంటే చివర అక్క నవ్వింది. నాలుగు నెలల్లో నాకు మొదటిసారి ఊపిరాడింది.

బయట చెప్పుల దగ్గర అవ్వ నన్ను పట్టుకుంది.

"లేని కొలువుకు స్తోత్రం చెప్పిచ్చినవ్ నాతోని. దేవుడేమనుకుంటడు, ముసల్దానికి మతి పోయిందనుకోడా? ముందే చెప్పొద్దా బిడ్డా?"

తప్పయిందన్నాను. ఆమె అక్కడితో వదల్లేదు. ఇకనుంచి అడగాలి కదా, ఏమని అడగాలో తెలియాలి కదా, అసలు నేను చేసే పనేమిటో చెప్పమంది. పదకొండేళ్ళలో ఆ ప్రశ్న నన్ను అంత సూటిగా ఎవరూ అడగలేదు. ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను.

"వేరేవాళ్ళు చేసిన పని ముందుగాల నా చేతికొస్తదవ్వా. జనం చేతికి పోకముందే అందుల తప్పులు పట్టుకుంట."

"తప్పులు పట్టుడా?" అవ్వ బోసినోటితో నవ్వింది. "పుల్ల ఊడిందని నా విస్తర్లు ఎన్నిసార్లు వాపసు తెచ్చినవే చిన్నప్పుడు! పుట్టుకతోని వచ్చిన బుద్ధి పుడకలతోని గాని పోదు. కొలువు తీసేస్తే పోతదా?"

ఎవరినైనా తిట్టడానికి వాడే సామెత అది. నాకు మాత్రం ఆ రోజు అంతకంటే మంచి మాట ఇంకొకటి లేదు. పని నా చేతిలోనే ఉంది, అది వాళ్ళిచ్చింది కాదు, వాళ్ళు తీసుకుపోయిందీ కాదు. ఇంటికి పోయి కడుపునిండా తిన్నాను.

తర్వాతి ఇంటర్వ్యూలో అదే ప్రశ్న వచ్చింది. తీసేశారండీ అన్నాను. గొంతు వణకలేదు. నా పని గురించి అవ్వకు చెప్పినట్టే చెప్పాను. ఇంకో రెండు చోట్ల కుదరలేదు కానీ మూడో చోట, మళ్ళీ హైదరాబాదులోనే, చిన్న కంపెనీలో తీసుకున్నారు. అక్కడినుంచి ఫోన్లో చెబితే అవ్వ నమ్మలేదు. వచ్చి చర్చిలో చెబితేనే స్తోత్రమంది. వెళ్ళి చెప్పాక, ఆఫర్ లెటర్ మనుమరాలి చేత చదివించుకుని మరీ స్తోత్రం చెప్పింది.

తర్వాత అక్కకు కల్లూరు బదిలీ అయింది. ఆ ఏడో ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళు ఉంటున్నారు. వాళ్ళ కష్టాలు వాళ్ళకుంటాయి, అవ్వ అవీ అడుగుతూనే ఉండి ఉంటుంది. నేను ఈ నగరంలో ఆదివారాలు బట్టలు ఉతుక్కుంటూ, ఇప్పటికి బోరింగు దాటి ఉంటుంది, ఇప్పటికి మా గడపకు వచ్చి ఉంటుంది అని లెక్క వేసుకుంటాను. నా కోసం గడప గడపా దాటి వచ్చే మనిషి ఇక్కడెవరూ లేరు. ఆ వీధి మీద బెంగ తీరడం లేదు.

మొన్న అవ్వ మనుమరాలు ఫోన్ చేసింది. నాలుగో సంవత్సరంలో ఉంది. కాలేజీలో వచ్చిన ఉద్యోగాన్ని కంపెనీవాళ్ళు వెనక్కి తీసుకున్నారట. అవ్వ మూడు ఆదివారాలుగా స్తోత్రం చెబుతూనే ఉందట. ఇంకా ఎవరికీ చెప్పలేదంటూ చాలాసేపు ఏడ్చింది. ఏడవనిచ్చాను.

"ఎట్ల చెప్పాలక్కా?" అంది చివరికి.

"లేచి నిలబడి చెప్పు. ముందుగాల స్తోత్రం అంటరు, తర్వాత నవ్వుతరు. ఏం గాదు."

"నాకు భయమైతాంది."

"ఆదివారం నేనొస్తున్న. నీ పక్కన్నే కూసుంట," అన్నాను. "నీ చున్నీ మాత్రం గుంజను."