ఆపొద్దన్నది నేనే

బుల్లయ్యగారమ్మాయి అని ఎవరన్నా అంటే శ్రీదివ్యకు ఒళ్ళు మండేది. హైదరాబాదులో ఎంబీయే చదివొచ్చి, 2005 పత్తి సీజనులో పర్చూరు దగ్గర తండ్రి నడిపే, పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు చూసుకోవడం మొదలుపెట్టింది. తనను చిన్నమ్మగారు అనొద్దని, పేరుతోనే పిలవమని మొదటిరోజే కూలీలకు చెప్పింది. ఒక్కరూ పిలవలేదు. వెనక నవ్వుకున్నారు.

ఒక మధ్యాహ్నం, యంత్రానికి పత్తి అందించే జాన్‌బీ పరుగున ఆఫీసు గదికి వచ్చింది.

"అమ్మా, మిషను మీద రేకు ఊడింది. పళ్ళు బయటికొచ్చినయ్. ఆపించండి."

బయట లారీ ఎదురుచూస్తోంది. "లోడు వెళ్ళనీ, చూద్దాం. చెప్పిన పని చెయ్యి," అంది శ్రీదివ్య తలెత్తకుండా. అచ్చం తండ్రి గొంతే. ఆ సంగతి ఆమెకు కేక వినబడ్డాక తెలిసింది.

జాన్‌బీ కుడిచెయ్యి నుజ్జయింది. గుంటూరు ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు.

విచారణకు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. "కునుకు తీసిందండీ. మేమేం చేస్తాం?" అన్నాడు బుల్లయ్య. ఆయన అబద్ధమాడతాడని శ్రీదివ్యకు తెలుసు. అదే మాట తన నాలుక మీదికీ వచ్చి కూర్చోవడం చూసి మాత్రం ఆమెకు భయమేసింది.

"ఆమె నిద్రపోలేదు సార్. రేకు ఊడిందని వచ్చి చెప్పింది. ఆపొద్దన్నది నేనే."

ఇన్‌స్పెక్టరు ముందే బుల్లయ్య కూతురి చెంప పగలగొట్టాడు. "నా కూడు తిని నా మెడకే ఉరేస్తావే!"

ఇన్‌స్పెక్టరు ఉత్తర్వుతో మిల్లుకు తాళం పడింది. గేటు దగ్గర మేస్త్రీ అంకమ్మరావు ఆమెకు అడ్డం నిలబడ్డాడు. "నిన్నెవరడిగారమ్మా నిజం చెప్పమని? నీకెట్టాగూ అన్నం దొరుకుద్ది. మా పొయ్యిలెట్టా ఎలగాలి?" వెనకనుంచి ఎవరో ఉమ్మేశారు.

అక్కడినుంచి ఆమె జాన్‌బీ ఇంటికి వెళ్ళింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చున్న జాన్‌బీ లోపలికి రమ్మనలేదు.

"నిజం చెప్పావని దండెయ్యాలా?"

"తప్పు నాది. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

"చెయ్యమన్నాగా ఆరోజు. ఆపమన్నా. ఇంకేం చేస్తావు? ఇప్పుడు నా జుట్టు నాకు ముడేసుకోవటం రాట్లా. వచ్చి ముడేస్తావా రోజూ?" ఆమె ముఖం తిప్పేసుకుంది. "పో ఇక్కణ్ణించి."

భర్త పీరు వచ్చి తలుపు మూసేశాడు.

శ్రీదివ్య ఇల్లు వదిలి చీరాలలో ఒక మగ్గాల షెడ్డులో ఉద్యోగానికి కుదిరింది. నష్టపరిహారం కోసం జాన్‌బీ వేసిన కేసు వాయిదా ఉన్నప్పుడల్లా సాక్ష్యానికి వెళ్ళేది. తండ్రి పెట్టిన లాయరు ఆమెకు మతి చలించిందన్నాడు, తండ్రి మీద పగబట్టిందన్నాడు. ఆమె మాట మార్చలేదు. చివరికి జాన్‌బీ గెలిచింది. యంత్రాలన్నిటికీ కొత్త రేకులు బిగించాకే మిల్లు మళ్ళీ తెరిచారు.

తీర్పు రోజు కోర్టు వరండాలో జాన్‌బీ ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళింది. చూపు ఇటు తిప్పలేదు. శ్రీదివ్య పిలవబోయి ఆగిపోయింది. క్షమించమని అడిగే హక్కు కూడా తనకు లేదనిపించింది. ఒంటరిగా స్టేషనుకు నడిచి, చీరాల బండెక్కింది.