తలుపు మూసిన తర్వాత

పదవీ విరమణకు ముందు నా చివరి పోస్టింగు మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో. కరోనా తగ్గి ఆఫీసులు మళ్లీ నిండుతున్న ఏడాది అది. హోదా సీనియర్ క్లినికల్ సైకాలజిస్టు. మందులు రాసే అధికారం మాకు ఉండదు, అది సైకియాట్రిస్టుది. మాటలతో, సాధనతో నయం చేయడం మా పని.

ఆ వర్షాకాలంలో మంజుల నా గదికి వచ్చింది. అసలు పేరు మార్చి రాస్తున్నాను. హఫీజ్‌పేట్‌లో ఉంటుంది, టెస్టింగ్ టీముకు లీడ్. తల్లి పోయాక చెల్లెలు లతను తనే పెంచింది. లత పెళ్లయి పోర్ట్ బ్లెయిర్‌లో కాపురముంటోంది, తొలి కాన్పు దగ్గరపడుతోంది. వైజాగ్ నుంచి ఓడ ఎప్పుడో గాని ఉండదు. కాన్పు వేళకు చేరాలంటే విమానమే దిక్కు. మంజుల అంతకుముందు ఒక్కసారే విమానం ఎక్కింది. తలుపు మూయబోతుంటే ఏడ్చి దిగిపోయింది. ఆ తర్వాత ఢిల్లీకి పనిమీద వెళ్లినా రైలే.

కూలిపోతుందని భయమా అని అడిగాను.

"అది కాదు మేడం. తలుపు మూసినంక దిగుతనంటే ఎవరు దింపుతరు? గుండె ఆగిపోతదేమో అనిపిస్తది. గోలీ ఏదన్న ఇప్పియ్యరాదా, పండుకోని పోత."

మా సైకియాట్రిస్టు పరీక్షలు చేయించి, గుండెకు ఏ లోపమూ లేదన్నారు. మాత్ర ఇవ్వొచ్చు గాని, నిద్రపోయిన మనిషి ఆ ప్రయాణంలో ఏమీ నేర్చుకోదని కూడా చెప్పారు. మంజుల బాగా ఆలోచించుకుని సాధనకే ఒప్పుకుంది.

దడ మొదలైతే అది పెరిగి పెరిగి, ఒక దశ దాటాక తనంతట తానే తగ్గుతుంది. ఆ లోపే పారిపోతే, పారిపోవడం వల్లే బతికానని శరీరం నమ్ముతుంది. అందుకే పారిపోకుండా నిలవడం నేర్పుతాం, చిన్న భయాలతో మొదలుపెట్టి. కిటికీల్లేని మీటింగు గదిలో తలుపేసుకుని కూర్చోమన్నాను. ఆఫీసు వేళ మియాపూర్‌లో మెట్రో ఎక్కి, రైలు మారే స్టేషను వచ్చేదాకా దిగకుండా రమ్మన్నాను. మొదటిసారి కూకట్‌పల్లిలోనే దిగేసింది. మర్నాడు తనే మళ్లీ మియాపూర్ వెళ్లి ఎక్కింది.

ఆఖరి మెట్టు వైజాగ్‌కు విమానం. నేనూ వెళ్లాను గాని, కావాలనే రెండు వరుసల వెనక కూర్చున్నాను. పక్కనే ఉంటే తన ధైర్యం నావల్లేనని అనుకునే ప్రమాదం ఉంది.

తలుపు మూశారు. మంజుల కదల్లేదు. ప్రయాణం సాఫీగానే సాగింది. తీరా చక్రాలు నేలను తాకుతాయనగా ఇంజన్లు ఒక్కసారిగా గర్జించి, విమానం మళ్లీ పైకి లేచింది. గాలి అనుకూలించకపోతే పైలట్లు దిగడం మానుకుని, ఒక చుట్టు తిరిగి వస్తారు. మామూలు జాగ్రత్తే. ఆ సంగతి తెలిసీ నాకూ భయమేసింది. రెండు వరుసల ముందు మంజుల చెయ్యి, విమాన సిబ్బందిని పిలిచే గంట మీట వైపు లేచింది. పేరు పెట్టి పిలుద్దామని నా నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఆ చెయ్యి గాలిలో కాసేపు ఆగి, నెమ్మదిగా కిందికి దిగింది. రెండోసారి విమానం క్షేమంగా దిగింది.

బయటికొచ్చి ముఖం కడుక్కున్నాక అంది: "భయమైతే పోలే మేడం. మస్తు ఏడ్చిన. గని గంట కొట్టలె."

తిరుగు ప్రయాణం రైల్లో చేసినా తప్పులేదన్నాను.

"వద్దు మేడం. ఇప్పుడు రైలెక్కితే ఇగ మళ్ల ఎన్నడు విమానం ఎక్క. ఇట్లనే పోదాం."

ఆ నెలలోనే చెన్నై మీదుగా పోర్ట్ బ్లెయిర్‌కు ఒంటరిగా వెళ్లింది. దవాఖాన నుంచి ఫోన్ చేసి, తలుపు మూసినప్పుడు మళ్లీ చెమటలు పట్టాయని ముందు చెప్పి, లతకు ఆడపిల్ల పుట్టిందని తర్వాత చెప్పింది.

భయం పోయిందా అన్నదాన్ని బట్టి చికిత్స ఫలితాన్ని కొలవడం మా వృత్తిలో మామూలు. మంజుల తర్వాత నేను ఆ ప్రశ్నను రెండో స్థానానికి జరిపాను. వెళ్లాల్సిన చోటికి వెళ్లగలిగారా అని ముందు అడిగేదాన్ని. భయం కొందరికి పూర్తిగా పోతుంది, కొందరికి పోదు. అది పోయేదాకా ప్రయాణం ఆపుకోనక్కర్లేదు.